ఆరు వందల గజాల గీత: దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల చిన్న ఇళ్లు – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. భవనాల పైకప్పులపై పడే ఎండను వెనక్కి పంపి, ఇళ్లలో వేడిని, విద్యుత్ వాడకాన్ని తగ్గించడం దాని లక్ష్యం. అయితే నివాసగృహాల విషయంలో ఆ నిబంధన తప్పనిసరి అయ్యేది 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలాలకు మాత్రమే. హైదరాబాద్ తూర్పు భాగంలోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాలలో అత్యధిక భాగం ఇళ్లు ఇంతకంటే చాలా చిన్న స్థలాలలో ఉన్నాయి. ఈ ఇళ్ల రూపాన్ని, వాటికి వాడుకలో ఉన్న పదజాలాన్ని, వర్తించే నిబంధనలను కలిపి పరిశీలించి, ‘చవక ఇల్లు’ అనే భావనలోని లోపాన్ని చూపడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

కీలకపదాలు: చల్లని పైకప్పు, చిన్న స్థలాలు, అద్దె ఇళ్లు, వాస్తు, గాలి ప్రసారం, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్.

1. ప్రవేశిక:

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్న సామెత ఇంటి కష్టమంతా కట్టడంలోనే ఉందంటుంది. కట్టిన తరువాత ముప్ఫై నలభై ఏళ్లపాటు ఆ ఇంట్లో ఉండేవారు చెల్లించే మూల్యం ఆ సామెతకు అందలేదు. మేస్త్రీ వేసే అంచనాలోనూ అది కనిపించదు. చదరపు అడుగుకు ఇంత అని చెప్పే లెక్కలో ఇటుక, ఇసుక, సిమెంటు, ఇనుము, కూలి ఉంటాయి. మే నెల రాత్రి నిద్ర పట్టక తిరిగే పంకా, కూలరు, ఏసీల బిల్లు ఉండదు. కనుక ఇంటి ఖర్చును రెండు భాగాలుగా చూడాలి. మొదటిది కట్టుబడి ఖర్చు, రెండవది కాపురం ఖర్చు. చవక ఇల్లు అని వ్యవహరించేది చాలా సందర్భాలలో మొదటిదాన్ని తగ్గించి రెండవదాన్ని పెంచిన ఇల్లే. ఈ రెండు ఖర్చులను భరించేవారు ఒక్కరే అయితే అది వారి సొంత ఎంపిక అనుకోవచ్చు. అద్దె ఇళ్లు అధికంగా ఉన్న ప్రాంతాలలో వారు వేర్వేరు వ్యక్తులు. అందువల్ల ఇది నిర్మాణశాస్త్రానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు, న్యాయానికి సంబంధించిన విషయం కూడా.

2. ప్రాంతం – ఇంటి రూపం – ఇంటి మాటలు:

విజయవాడ రహదారి వెంట సరూర్‌నగర్, కొత్తపేట, కర్మన్‌ఘాట్ వంటి పాత గ్రామాల పొలాలు క్రమంగా కాలనీలుగా మారాయి. ఎల్బీనగర్, గడ్డిఅన్నారం పురపాలక సంఘాలు 2007లో మరో పది పురపాలికలతో పాటు హైదరాబాద్ మహానగరంలో విలీనమయ్యాయి. నల్లగొండ, ఖమ్మం జిల్లాల నుంచి, కోస్తా జిల్లాల నుంచి ఉద్యోగానికి, చదువుకు వచ్చిన కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. శిక్షణ కేంద్రాల వల్ల దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి పరిసరాలు విద్యార్థుల వసతిగృహాలకు నెలవయ్యాయి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట – ఎల్బీనగర్ మెట్రో మార్గం ప్రారంభం కావడంతో అద్దె గదులకు గిరాకీ మరింత పెరిగింది.

ఈ చరిత్ర ఇంటి ఆకారంలో కనిపిస్తుంది. నూరు నుంచి రెండు మూడు వందల గజాల స్థలం. కింద వాహనాలకు చోటు లేదా యజమాని నివాసం. పైన రెండు మూడు అంతస్తులలో అద్దె వాటాలు. అన్నిటికన్నా పైన నీళ్ల ట్యాంకు పక్కన ఒక గది. దానికి స్లాబు ఉంటే ఉంటుంది, లేదంటే సిమెంటు రేకులు. మూడు వైపులా పక్కింటి గోడలు ఉండటంతో వెలుతురు, గాలి వీధి వైపు నుంచే రావాలి.

వాడుకలో ఉన్న మాటలను గమనిస్తే ఈ మార్పు మరింత స్పష్టమవుతుంది. చూరు, వసారా, అరుగు, గవాక్షం, పెరడు అనేవి పాత ఇంటి మాటలు. చూరు గోడకు నీడనిచ్చి వాననీటిని దూరంగా జారవిడుస్తుంది. వసారా ఎండకు, గదికి మధ్య అడ్డుగా నిలుస్తుంది. గవాక్షం పైకి చేరిన వేడిగాలిని బయటకు పంపుతుంది. అంటే వీటిలో ప్రతి మాటా ఒక వాతావరణ ధర్మాన్ని సూచిస్తుంది. ఇప్పుడు వినిపించే మాటలు స్లాబు, పోర్షను, సింగిల్ రూం, పెంట్‌హౌస్. ‘పోర్షను’ అంటే ఇంటిలో ఒక భాగం. అద్దెకు దొరికేది ఇల్లు కాదు, ఇంటి ముక్క అన్న వాస్తవం ఆ మాటలోనే ఉంది. ‘పెంట్‌హౌస్’ విషయం మరీ విచిత్రం. ప్రకటనలలో విలాసానికి సంకేతమైన ఈ మాట, ఈ వీధులలోని ‘టు లెట్’ బోర్డుల మీద తరచుగా మేడ మీది ఒంటరి గదిని సూచిస్తుంది. ఎండ అన్నిటికన్నా ఎక్కువగా పడే గదికి అన్నిటికన్నా గొప్ప పేరు దక్కింది.

అలాగని పాత ఇంటిని ఆదర్శంగా చూపడం సరికాదు. మట్టిమిద్దె చల్లగా ఉండేది నిజమే. వానాకాలంలో కారడం, ఏటేటా పైన మన్ను పోయవలసి రావడం కూడా అంతే నిజం. గోడలు అలికే శ్రమ స్త్రీలది. నడుమ ఆకాశం కనిపించే భవంతి ఇల్లు ఊరిలో అందరిదీ కాదు. భూమి, కులం, సంపద కలిసివచ్చిన కొద్దిమందిది. అందువల్ల ఆ రూపాలను తిరిగి తేవడం గురించి ఆలోచించడం కన్నా, ఆ మాటలు సూచించిన ధర్మాలను నూరు గజాల స్థలంలో ఎలా నిలపాలన్నది ఆలోచించడం ప్రయోజనకరం.

3. ఎండ నడక – గాలి దిశ:

హైదరాబాద్ సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, సముద్రమట్టానికి అయిదు వందల మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. జాతీయ భవన నియమావళి దీన్ని మిశ్రమ వాతావరణ మండలంలో చేర్చింది. ఏటా మే రెండవ వారం ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు తొలివారంలో మరొకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలువుగా నాటిన కర్రకు ఆ క్షణంలో నీడ ఉండదు. ఈ రెండు తేదీల నడుమ మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు.

దీని నుంచి రెండు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, తీవ్రమైన వేసవిలో ఇంటికి చేరే వేడిలో పైకప్పు వాటా అన్నిటికన్నా పెద్దది. ఇరుకు కాలనీలలో ఒక ఇంటి గోడ పక్కింటి గోడకు నీడనిస్తుంది, కానీ పైకప్పుకు నీడనిచ్చేది ఏదీ లేదు. రెండవది, ఒకే ఇంట్లో మూడు వాతావరణాలు ఏర్పడతాయి. కింది అంతస్తు చల్లగా ఉన్నా పగలే దీపం కావాలి. నడిమి అంతస్తు ఓర్చుకోదగినది. పై అంతస్తులో పగలంతా స్లాబు తాగిన వేడి కొన్ని గంటలు ఆలస్యంగా, సరిగ్గా పడుకునే వేళకు, గదిలోకి దిగుతుంది. ఆ సమయంలో తిరిగే పంకా స్లాబు కింద నిలిచిన వేడిగాలినే మనిషి మీదకు నెడుతుంది.

గాలి విషయంలో మరొక చిక్కు ఉంది. ఈ ప్రాంతానికి వానకాలపు గాలి పడమర, నైరుతి దిక్కుల నుంచి వస్తుంది. ఋతుపవనానికి తెలుగులో ఉన్న పేరే నైరుతి. ఇంటి నిర్మాణంలో ఆచరణలో ఉన్న వాస్తు మాత్రం నైరుతి మూల బరువుగా, మూసి ఉండాలంటుంది. తూర్పు, ఉత్తరాలలో ఎక్కువ ఖాళీ వదలాలంటుంది. విశాలమైన స్థలంలో ఈ నియమం వల్ల పెద్ద నష్టం లేకపోవచ్చు. నూరు గజాల స్థలంలో వదిలే జానెడు ఖాళీ కూడా తూర్పుకో ఉత్తరానికో పోతే, పడమటి గాలికి దారి ఉండదు. ఏ దిక్కున తెరవాలన్నది వీధిని, పక్కింటి ఎత్తును, గాలి వచ్చే వైపును చూసి నిర్ణయించవలసిన విషయం. దిక్కు పేరును మాత్రమే చూసి నిర్ణయించినప్పుడు వాస్తు ఉద్దేశించిన సౌఖ్యమే దెబ్బతింటుంది. తూర్పు ముఖం స్థలానికి ఎక్కువ ధర, పడమటి ముఖం స్థలానికి తక్కువ ధర పలకడం వల్ల ఈ నమ్మకం మార్కెట్ నియమంగా కూడా మారింది.

4. నిబంధనల గీత:

ఇంధన పొదుపు విభాగం 2018 డిసెంబరులో ‘ఎకో నివాస్ సంహిత’ పేరుతో నివాసగృహాలకు ఇంధన నియమావళిని విడుదల చేసింది. పైకప్పు గుండా లోపలికి ప్రసరించే వేడి, ఒక డిగ్రీ తేడాకు, చదరపు మీటరుకు 1.2 వాట్లు మించరాదని అది నిర్దేశిస్తుంది. సాదా కాంక్రీటు స్లాబులో ఇది 3 వాట్లు దాటుతుంది. మిశ్రమ వాతావరణంలో తెరవగలిగే కిటికీల, తలుపుల వైశాల్యం నేల వైశాల్యంలో కనీసం 12.5 శాతం ఉండాలని కూడా ఆ నియమావళి చెబుతుంది. అయితే అది ఉద్దేశించింది 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలాలలోని నివాసాలను.

తెలంగాణ ప్రభుత్వం 2020లో తెచ్చిన టీఎస్ బీపాస్ చట్టం 75 గజాల లోపు స్థలాలలో చిన్న ఇళ్లకు ముందస్తు అనుమతి అవసరం లేదని చెప్పింది. 600 గజాల వరకు, 10 మీటర్ల ఎత్తు వరకు యజమాని స్వీయ ధ్రువీకరణతోనే వెంటనే అనుమతినిచ్చింది. కార్యాలయాల చుట్టూ తిరిగే బాధ తప్పించిన ఈ మార్పు మేలైనదే.

2023 ఏప్రిల్ 3న ప్రకటించిన చల్లని పైకప్పుల విధానం 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల పైకప్పును చల్లని పైకప్పుగా మార్చాలని, అందులో 200 చదరపు కిలోమీటర్లు హైదరాబాద్‌లోనే ఉండాలని లక్ష్యంగా పెట్టుకుంది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు స్థల విస్తీర్ణంతో నిమిత్తం లేకుండా ఇది తప్పనిసరి. నివాసగృహాలకు మాత్రం 600 గజాల నుంచి తప్పనిసరి, అంతకు లోపల ఐచ్ఛికం.

500 చదరపు మీటర్లు అంటే దాదాపు 600 చదరపు గజాలు. అంటే మూడు వేర్వేరు నిబంధనలు ఒకే చోట గీత గీశాయి. గీతకు పైన ఉన్నవారికి నియమం ఉంది, పర్యవేక్షణ ఉంది. సాధారణంగా వాస్తుశిల్పి సలహా, ఏసీ కొనగల స్తోమత కూడా ఉన్నాయి. గీతకు దిగువన స్వీయ ధ్రువీకరణ ఉంది, స్వీయ విచక్షణ ఉంది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వీధులలో అధిక భాగం ఈ గీతకు దిగువనే ఉన్నాయి. చిన్న యజమాని మీద భారం మోపరాదన్న సదుద్దేశంతో గీసిన గీత ఇది. ఆచరణలో అది చిన్న యజమానికి సలహాను, అతని ఇంట్లో అద్దెకున్నవారికి రక్షణను కూడా లేకుండా చేసింది. ఇక అనుమతి పత్రంలో చూపకుండా తరువాత వేసుకున్న మేడ మీది గదిని ఏ గీతా తాకదు. నగరంలో వేడికి ఎక్కువగా గురయ్యే గది కాగితం మీద లేదు.

2004లో హైదరాబాద్ పడమటి అంచున ఏర్పడిన సోహ్రాబ్జీ గోద్రెజ్ హరిత వాణిజ్య కేంద్రం అమెరికా వెలుపల అత్యున్నత ‘ప్లాటినం’ హరిత గుర్తింపు పొందిన తొలి భవనంగా ప్రసిద్ధికెక్కింది. ఇరవై ఏళ్ల కిందటే ఈ నగరానికి ఆ విద్య తెలుసు. ఆ విద్య తూర్పు వీధులలోని మేస్త్రీ వరకు రాలేదు.

5. చల్లని పైకప్పు – ఆధారాలు, పరిమితులు:

ఈ నగరంలోనే చేసిన పరిశీలనలు ఉండటం ఈ చర్చకు బలం. హైదరాబాద్‌లోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల పరిశోధకులు ఇక్కడి వాణిజ్య భవనాలపై చేసి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, పూత లేని కాంక్రీటు పైకప్పుకు తెల్లపూత వేసినప్పుడు చల్లదనానికి వాడే విద్యుత్తు 10 నుంచి 19 శాతం వరకు తగ్గినట్లు తేలింది. నల్లని పైకప్పుల విషయంలో ఆ పొదుపు 14 నుంచి 26 శాతం. ఇవి ఏసీలున్న భవనాల లెక్కలు కనుక, పంకా మాత్రమే ఉన్న ఇంటికి వీటిని యథాతథంగా అన్వయించరాదు. అక్కడ ప్రయోజనం బిల్లులో కంటే నిద్రలో కనిపిస్తుంది. దేవరకొండ బస్తీలో 25 పేద కుటుంబాల ఇళ్లపై 2017లో తెల్లని పొర పరచి చూసినప్పుడు లోపలి ఉష్ణోగ్రత సగటున 2 డిగ్రీలు తగ్గింది. చల్లని పైకప్పు వల్ల ఎక్కువ మేలు పొందేది చిన్న ఇల్లేనని సూచించే ఈ ప్రయోగం నగరం ముందుండగా, విధానం ఆ చిన్న ఇంటినే ఐచ్ఛికంగా వదిలివేయడం గమనార్హం.

పరిమితులు కూడా చెప్పుకోవాలి. తెల్లపూత మీద దుమ్ము పేరుకుంటే దాని గుణం తగ్గుతుంది. వేసవికి ముందు కడగాలి, కొన్నేళ్లకోసారి తిరిగి వేయాలి. బట్టలు ఆరేసే, వడియాలు పెట్టుకునే మేడ మీద నడకకు తట్టుకునే పూత కావాలి. పైగా ఇది పై అంతస్తు సమస్యకే పరిష్కారం. కింది అంతస్తుల చీకటికి, ఉక్కకు కిటికీలే దారి. 600 గజాల గీతను తుడిచివేసినంత మాత్రాన అన్నీ చక్కబడవు. పైకప్పును ఇంటి సమస్యకు పర్యాయపదంగా చూసే విధానాన్ని కూడా విమర్శించవలసిందే.

6. కట్టేవారు – కాగేవారు:

అద్దె ఇంట్లో ఖర్చు, ఫలితం ఒకరి దగ్గర ఉండవు. తెల్లపూతకు డబ్బు పెట్టవలసింది యజమాని, చల్లదనం పొందేది అద్దెదారు. కరెంటు బిల్లు అద్దెదారు కడతాడు కనుక దాన్ని తగ్గించవలసిన అవసరం యజమానికి లేదు. పదకొండు నెలల ఒప్పందం మీద ఉన్న అద్దెదారు మరొకరి స్లాబుకు పూత వేయించడు. వసతిగృహంలో ఒక్క గదిని నలుగురితో పంచుకునే విద్యార్థికి ఆ మాట అడిగే అవకాశమే లేదు.

అలాగని యజమానిని దోషిగా నిలబెట్టడం సమంజసం కాదు. ఈ కాలనీలలో చాలామంది యజమానులు పదవీ విరమణ సొమ్ముతోనో, బ్యాంకు రుణంతోనో ఇల్లు కట్టుకున్న మధ్యతరగతి వారు. పై అంతస్తు అద్దెతో వాయిదా కట్టేవారు. వారికి వాతావరణం గురించి ఎవరూ చెప్పలేదు. చెప్పినవారు దిక్కుల గురించి చెప్పారు. అందువల్ల ఇక్కడ కావలసింది జరిమానా కన్నా ముందు జ్ఞానం, దానికి తోడుగా చిన్న ప్రోత్సాహం. ఆస్తిపన్నులో స్వల్ప రాయితీ ఇచ్చినా పూత ఖర్చు భరించే మనసు యజమానికి కలుగుతుంది.

7. చిన్న స్థలంలో సాధ్యమైన మార్పులు:

7.1 పైకప్పు: తెల్ల సున్నం చవకైనది, ఏటా వేయాలి. పగిలిన తెల్లటి పింగాణీ టైలు ముక్కల పరుపు ఖరీదైనదైనా ఎక్కువకాలం నిలుస్తుంది. రేకుల గదికి లోపల మరో కప్పు వేసి, రెండింటి నడుమ గాలి ఆడనివ్వాలి.

7.2 కిటికీ: రెండు రెక్కల జరిపే కిటికీ ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది. 10 చదరపు మీటర్ల గదికి నియమావళి ప్రకారం 1.25 చదరపు మీటర్ల తెరుపు కావాలి. నాలుగడుగుల చదరపు కిటికీ వైశాల్యం దాదాపు 1.5 చదరపు మీటర్లు. రెక్కలు బయటకు తెరుచుకుంటే అది సరిపోతుంది, జరిపేదైతే సగమై చాలదు. కట్టుబడి ఖర్చులో స్వల్పమైన ఈ తేడా కాపురం ఖర్చులో పెద్దది.

7.3 మెట్ల గది: మూడు వైపులా మూసుకున్న ఇంట్లో గాలి పైకి పోయే ఏకైక దారి మెట్ల గది. దాని పైభాగాన ఎదురెదురుగా జాలీ గవాక్షాలు పెడితే వేడిగాలి పైనుంచి పోతుంది, వీధి వైపు నుంచి చల్లగాలి లోపలికి వస్తుంది. అటకపైకి చేరిన గవాక్షాన్ని తిరిగి పనిలోకి తేవడం ఇదే.

7.4 గోడ, నీడ: పక్కిల్లు అడ్డులేని పడమటి గోడను తేలిక సిమెంటు దిమ్మెలతో కట్టడం మేలు. వాలుపొద్దు ఎండ ఏటవాలుగా వస్తుంది కనుక కిటికీ పైని సజ్జ ఒక్కటే చాలదు. పక్కన నిలువు పలక గానీ, జాలీ గానీ, తీగ పందిరి గానీ కావాలి.

7.5 నేల: పక్కల వదిలిన మీటరు, మీటరున్నర ఖాళీని పూర్తిగా గచ్చు చేయడం ఇక్కడి ఆచారం. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు మునిగిన అనుభవం తరువాతనైనా, వాతావరణానికి తగిన ఇల్లంటే వేసవికి తగిన ఇల్లు మాత్రమే కాదని గుర్తించాలి. ఇంకుడుగుంత, రాళ్లు పరచిన నేల ఆ ఇంటిలో భాగాలే.

ఇవన్నీ కట్టేముందు ఆలోచిస్తే అదనపు ఖర్చు తక్కువ. కట్టిన తరువాత అయితే మొదటిది తప్ప మిగిలినవి కష్టం. అందుకే స్వీయ ధ్రువీకరణ పత్రం ఒక మంచి అవకాశం. పైకప్పు పూత, తెరుచుకునే కిటికీల వైశాల్యం, మెట్ల గది గవాక్షం, ఇంకుడుగుంత అన్న నాలుగు అంశాలను తెలుగులో ఒక పుటగా ఆ పత్రానికి జతచేస్తే, కొత్త కార్యాలయం గానీ కొత్త తనిఖీ గానీ లేకుండానే ఆ జ్ఞానం మేస్త్రీ చేతికి చేరుతుంది.

8. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

• చవక ఇల్లు అన్న మాటకు కట్టుబడి ఖర్చు ఒక్కటే కొలత కారాదు. కాపురం ఖర్చును చేర్చనిదే ఆ మాట అసంపూర్ణం.

• ఇంధన నియమావళి, భవన అనుమతి చట్టం, చల్లని పైకప్పుల విధానం మూడూ 600 గజాల దగ్గరే గీత గీయడం వల్ల దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వంటి ప్రాంతాలలోని చిన్న ఇళ్లు వాటి ప్రయోజనానికి దూరమయ్యాయి.

• ఈ నగరపు అక్షాంశం వల్ల వేసవిలో పైకప్పే ప్రధాన సమస్య. ఇరుకు స్థలాల వల్ల కింది అంతస్తులకు గాలి, వెలుతురు ప్రధాన సమస్యలు. ఒకే మందు రెండింటికీ పనిచేయదు.

• కట్టేవారు, కాగేవారు వేర్వేరైన చోట ఐచ్ఛికం అన్న మాటకు అద్దెదారు దృష్టిలో అర్థం లేదు.

చూరు, వసారా, గవాక్షం అన్న మాటలు నిఘంటువుకు పరిమితమైతే భాషకు జరిగే నష్టం కొంత. అవి చేసిన పని ఇంటి నుంచి తొలగిపోతే ఆ నష్టాన్ని మోసేది మేడ మీది గదిలో పరీక్షకు చదువుకుంటున్న విద్యార్థి, రాత్రి పనిచేసి వచ్చి పగలు నిద్రపోవలసిన కార్మికుడు. విధానాన్ని సవరించేటప్పుడు ముందుగా లెక్కలోకి తీసుకోవలసింది వారి గదినే.